గురివింద గింజెత్తు మట్టి

వెనకటి కంసాలులు బంగారం తూచడానికి గురివింద గింజలు వాడేవారు. ఒక్కో గింజ సుమారు 120 మిల్లీగ్రాములు. పర్చూరు పక్కనుంచి తెచ్చిన నల్లరేగడి మట్టిని, చిలకలూరిపేటలో తెలిసినవాళ్ల నగల కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద అంతే బరువుకు తూయించాను. చిటికెన వేలి గోటి మీద పట్టేసింది. తప్పటడుగులు వేసే పిల్లవాడు, మట్టి నోట్లో పెట్టుకోవడం ఎవరి కంటా పడని రోజున కూడా, ఇంచుమించు అంత మట్టినీ దుమ్మునూ మింగుతాడు. వేళ్లు చప్పరించడం, కిందపడ్డ మరమరాలు ఏరుకు తినడం, చెంచా నేలకు రాసి నాకడం, ఇవి చాలు. ఏడాది మొత్తం కూడితే నాలుగు తులాలకు దగ్గరగా వస్తుంది.

ఆ మట్టిలో పురుగుమందు ఎంతుంది, సీసం ఎంతుంది అనేది ఒక లెక్క. అందులో ఎంత భాగం మట్టిని వదిలి, పేగు గోడ దాటి, రక్తంలో కలుస్తుందనేది ఇంకో లెక్క. గుంటూరు, ప్రకాశం పత్తి, మిర్చి పొలాల గురించి నలభై ఏళ్లుగా మనం మాట్లాడుకునేదంతా మొదటి లెక్కే. రెండోది తేలకుండా మొదటిదానికి అర్థం లేదని నా నమ్మకం. కిలో మట్టిలో ఒకే మోతాదు విషం ఉన్న రెండు ఊళ్లలో, పిల్లల ఒంట్లోకి చేరేది పదింతల తేడాతో ఉండొచ్చు.

ముందు, మింగే మట్టిని ఎలా తూచారో చెప్పాలి. అల్యూమినియం, సిలికాన్, టైటానియం మట్టిలో దండిగా ఉంటాయి. పేగు వాటిని దాదాపుగా పీల్చుకోదు, వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతాయి. అందుకని పిల్లల మలంలో అవి ఎంత ఉన్నాయో కొలిస్తే ఎంత మట్టి మింగారో వెనక్కి లెక్క కట్టొచ్చు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని ఈస్ట్ హెలెనా అనే సీసం కార్ఖానా ఊళ్లో సుమారు అరవై మంది పసిపిల్లల మీద ఈ పని చేసి 1986లో ప్రచురించారు. అల్యూమినియం లెక్కన రోజుకు 181 మిల్లీగ్రాములు, సిలికాన్ లెక్కన 184 వచ్చింది. రెండూ ఒకే మాట చెప్పాయి. టైటానియం మాత్రం 1,834 అంది. ఒకే పిల్లలు, ఒకే డైపర్లు, పదింతల తేడా. కారణం వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు: తెల్లరంగు కోసం టైటానియాన్ని తినుబండారాల్లో, మందు బిళ్లల్లో, టూత్‌పేస్టులో కలుపుతారు. తర్వాతి పరిశోధకులు పిల్లలు తిన్న తిండిని కూడా విడిగా కొలిచి, దాన్ని తీసేసి లెక్కలు కట్టడం నేర్చుకున్నారు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ పిల్లలకు చాలాకాలం రోజుకు 200 మిల్లీగ్రాములు అనే అంకె వాడింది. ఒకటి నుంచి ఆరేళ్ల వయసువాళ్లకు 2011లో అది 100 అయింది, 2017లో 80 అయింది. ఎక్కువ మింగే పిల్లలకు 200 అలాగే ఉంచారు.

ఆ అంకెలు చాపలు, తివాచీలు పరచిన ఇళ్లవి. బంగ్లాదేశ్ పల్లెల్లో నాలుగేళ్లలోపు పిల్లలు చేతులు ఎన్నిసార్లు నోట్లో పెట్టుకుంటారో గమనించి కట్టిన లెక్కలో రోజుకు సుమారు 160 నుంచి 235 మిల్లీగ్రాముల దాకా వచ్చింది. మార్టూరు, అద్దంకి, పెదనందిపాడు పల్లెలు మోంటానా కన్నా బంగ్లాదేశ్‌కే దగ్గర. కాబట్టి మన పిల్లలకు ఒక గింజ కాదు, రెండు గింజలెత్తు అనుకోవడమే సబబు.

ఇందులో సగం పైచిలుకు ఇంటి లోపలిదే. రక్తంలో సీసం అంచనా వేయడానికి అమెరికాలో వాడే లెక్కల పద్ధతిలో, మింగేదానిలో 45 పాళ్లు బయటి మట్టి, 55 పాళ్లు ఇంటి దుమ్ము అని పెట్టుకుంటారు. పత్తి ఊళ్లలో ఈ 55 పాళ్ల సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ఫిబ్రవరిలో పర్చూరు దగ్గర ఒక ఇంట్లో చూసింది చెబుతాను. ముందుగదిలో నడుము ఎత్తు దాకా పత్తి బోరేలు. ధర కోసం ఆగారు. గోడ మేకుకు మందు కొట్టే పంపు, దాని పట్టీలు చెమటకు, మందుకు నల్లబడి ఉన్నాయి. కిటికీ గూట్లో సగం మిగిలిన మందు సీసా, పక్కనే దువ్వెన. డాబా మీద ఎండిన మిర్చి. వసారాలో ఇద్దరు ఆడవాళ్లు కాయలకు ముచ్చికలు తీస్తున్నారు, ఎర్రటి పొడి గాలికి లేచి గడప దాటి లోపలికి వస్తోంది. ఏడాదిన్నర పిల్లవాడు బోరేల మీంచి జారి, నేల మీద అరచేతులు ఆనించి లేచి, ఆ చేత్తోనే జున్నుముక్క అందుకున్నాడు. నేను చూడటం వాళ్ల నాయనమ్మ గమనించింది.

"మన్ను తినకుండా పెరిగిన పిల్లకాయ ఎవరున్నారయ్యా?" అంది. ఆ మాట నిజమే. కాసేపాగి ఆమే చెప్పింది: "ఎండ్రిన్ రోజుల్లో ఆ డబ్బాలు కడిగి కిరసనాయిలు పోసుకున్నాం మేము."

ఎండ్రిన్ అనే పేరు తెలుగులో పురుగుమందుకే మారుపేరైంది. నిషేధించింది 1990లో. డీడీటీని వ్యవసాయంలో 1989లో, చీమలకీ పేలకీ ధాన్యానికీ కూడా చల్లిన బీహెచ్‌సీ పొడిని 1997లో ఆపారు. ఇవన్నీ నీటిలో కరగనివి, కొవ్వులో కరిగేవి, నేలలో దశాబ్దాలు ఉండేవి. 1980ల నడుమ తెల్లదోమ వచ్చింది. 1987–88లో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లకు లొంగలేదు. ఒక పంటకు పాతిక, ముప్ఫైసార్లు మందు కొట్టిన రైతులు ఉన్నారు. ఆ ఏడాదే ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు, అదే మందు తాగి. తర్వాత మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ట్రయజోఫాస్. ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగింది. 2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగు మందులు కొంతకాలం తగ్గాయి, రసం పీల్చే పురుగుల మందులు పెరిగాయి. 2021–22లో మిర్చి మీద నల్ల తామర పురుగు పడినప్పుడు రైతులు దొరికిన మందల్లా కొట్టారు. ఈ పొరలన్నీ ఒకే నేల మీద ఒకదానిపై ఒకటి పడ్డాయి. పాతవి మట్టిలో మిగిలాయి. కొత్తవి ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు కొన్ని వారాల్లో విరిగిపోతాయి, బయట ఉంటే.

ఇంట్లో ఉంటే అంత త్వరగా విరగవు. గదిలో ఎండ లేదు, వాన లేదు, నేలలో ఉండే సూక్ష్మజీవులు లేవు. పైగా ఇంటి దుమ్ములో వెంట్రుకలు, చర్మపు పొట్టు, బట్టల నూగు, మన ఊళ్లలోనైతే పత్తి పీచు కూడా ఉంటాయి. కొవ్వులో కరిగే మందులకు ఇవన్నీ మంచి గూళ్లు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ తోటల మధ్య ఉన్న ఇళ్లను పరిశీలించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, పెరటి మట్టిలో కన్నా ఇంట్లో దుమ్ములోనే పురుగుమందులు ఎక్కువ కనిపించాయి. తోటలో పనిచేసినవాళ్ల బట్టలతో, చెప్పులతో, బండ్లతో మందు ఇంటికొచ్చింది. అక్కడ పంటను పడకగదిలో పెట్టుకోరు. ఇక్కడ పెట్టుకుంటారు.

ఇప్పుడు ఆ గింజెత్తు దుమ్ముతో పాటు లోపలికి పోదాం.

నోట్లో పెద్దగా జరిగేదేం లేదు. అసలు కథ కడుపులో మొదలవుతుంది. పరగడుపున కడుపులోని ఆమ్లం చాలా తీవ్రంగా ఉంటుంది. సీసం, కాడ్మియం లాంటి లోహాలు మట్టి రేణువు నుంచి ఊడి ద్రవంలోకి వచ్చేది ఇక్కడే. చేతికి అంటుకునే రేణువులు 150 మైక్రాన్లలోపు సన్నవి, రేణువు ఎంత సన్నమైతే ఆమ్లానికి అంత ఉపరితలం దొరుకుతుంది. తర్వాత చిన్నపేగులో ఆమ్లం తీవ్రత తగ్గిపోతుంది, కరిగిన లోహంలో కొంత మళ్లీ గడ్డకట్టి మలంలో పోతుంది. మిగిలినదాన్ని పేగు గోడ లోపలికి తీసుకుంటుంది. తీసుకునే దారుల్లో ముఖ్యమైనది, ఇనుమును లోపలికి చేర్చే దారే. ఒంట్లో ఇనుము తగ్గితే పేగు ఆ తలుపులు ఎక్కువ తెరుస్తుంది, తెరిచిన తలుపులోంచి సీసమూ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. మట్టి పరీక్ష కాగితంలో ఈ అంకె ఉండదు. మట్టి ఎంత హాని చేస్తుందో తేల్చేవాటిలో మాత్రం ఇది ఒకటి.

పెద్దవాళ్లు తిండితో వచ్చే సీసంలో సుమారు పదోవంతు పీల్చుకుంటే, చిన్నపిల్లలు సగం దాకా పీల్చుకుంటారు. పరగడుపుకూ తిన్న కడుపుకూ తేడా ఇంకా పెద్దది. ఐడాహో రాష్ట్రంలోని బంకర్ హిల్ అనే పాత గనుల ప్రాంతపు మట్టిని, ఒప్పుకుని ముందుకొచ్చిన పెద్దవాళ్లకు కొద్ది మోతాదులో ఇచ్చి, రక్తంలో ఆ మట్టి సీసాన్ని గుర్తుపట్టి కొలిచారు. 1998లో వెలువడిన ఆ ఫలితాల్లో, పరగడుపున తిన్నవాళ్లు అందులోని సీసంలో 26 శాతం పీల్చుకున్నారు. భోజనంతో తిన్నవాళ్లు 2.5 శాతం. మట్టి ఒకటే, సీసం ఒకటే. పొద్దున్నే పెరుగు వేసిన చద్దన్నం తిని ఆటకు పోయిన పిల్లవాడికీ, ఖాళీ కడుపుతో పొలం గట్టు మీద కూర్చోబెట్టిన కూలీ తల్లి బిడ్డకూ ఉండే తేడా నాకు ఈ రెండంకెల్లో కనిపిస్తుంది.

కొవ్వులో కరిగే మందుల దగ్గర ఈ సూత్రం తిరగబడుతుంది. డీడీటీని, బీహెచ్‌సీని ఆమ్లం కదిలించలేదు. వాటిని మట్టి నుంచి ఊడదీసేది పైత్యరసం. గిన్నెకు అంటిన నూనెను సబ్బు ఎలా విడదీస్తుందో, పైత్యరసంలోని లవణాలు అలాగే వీటిని చుట్టి చిన్న చిన్న బిందువులుగా మోసుకుపోయి పేగు గోడకు అప్పగిస్తాయి. తిండిలో నూనె, నెయ్యి ఉంటే పైత్యరసం ఎక్కువ ఊరుతుంది, మందు ఎక్కువ కరుగుతుంది. అలా వెళ్లిన దానిలో కొంత భాగం కాలేయం గుమ్మం తొక్కకుండా, కొవ్వుతో కలిసి శోషరస నాళాల్లోంచి నేరుగా రక్తంలోకి చేరుతుంది. అక్కణ్ణుంచి ఒంటి కొవ్వులోకి, తల్లి అయితే పాలలోకి. అందుకే అన్ని విషాలకూ ఒకే జాగ్రత్త చెప్పడం కుదరదు.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి త్వరగా ఒంట్లోకి పోతాయి, కొద్ది రోజుల్లోనే విరిగి మూత్రంలో పోతాయి. పోయేలోపు చేసేది చేస్తాయి. కాలేయం క్లోరిపైరిఫాస్‌ను మార్చినప్పుడు పుట్టే కొత్త రూపం నరాల మధ్య కబురు ఆపే ఎంజైమును పట్టేస్తుంది. ఆ రూపాన్ని విరగ్గొట్టే ఇంకో ఎంజైము పుట్టిన బిడ్డలో చాలా తక్కువ. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో వ్యవసాయ కూలీల పిల్లలను కడుపులో ఉన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి పరిశీలించినవాళ్లు, ఏడేళ్లు వచ్చేదాకా అది పెరుగుతూనే ఉంటుందని చూపారు. పదికిలోల ఒంటికి ఒక గింజ, అరవై కిలోల ఒంటికి ఒక గింజ ఎలాగూ ఒకటి కావు. పైన ఈ లోటు కూడా తోడవుతుంది.

అయితే భయాన్ని ఉన్నదానికి మించి పెంచడం నాకిష్టం లేదు. కిలో దుమ్ములో ఒక మిల్లీగ్రాము మందు ఉందనుకుంటే, గింజెత్తులో ఉండేది మైక్రోగ్రాములో ఎనిమిదో వంతు. మందు కొట్టేవాడి చర్మం మీద ఒక పూటలో పడేదాని ముందు అది చాలా చిన్నది. 2003లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని మూడు పత్తి ఊళ్లలో 50 మంది ఆడవాళ్లు, పిచికారీ పనుల తర్వాత తమకూ తమ ఇళ్లలోని 47 మంది మగవాళ్లకూ కనిపించిన లక్షణాలను చెప్పారు. పిచికారీ అయిన ప్రతి వందసార్లలో ఎనభైకి పైగా ఏదో ఒక విష లక్షణం కనిపించింది. మందు కలిపిచ్చే ఆడవాళ్లూ మందు కొట్టే మగవాళ్లతో సమానంగా బాధపడ్డారు. దుమ్ము అలా పడగొట్టదు. కొట్టే రోజు, కొట్టని రోజు అనే తేడా లేకుండా, పొలం మొహం చూడని పిల్లవాడికి ఏడాది పొడవునా అందే మోతాదు అది. సీసం లాంటి వాటికైతే ఆ గింజే ముఖ్యమైన దారి. కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల సీసం ఉన్న మామూలు చేను నుంచి 100 మిల్లీగ్రాములు మింగితే 2 మైక్రోగ్రాములు. పాత రంగు పెచ్చులూడే గోడ కిందో, బ్యాటరీలు విప్పే కొట్టు పక్కనో కిలోకు 400 ఉంటే 40 మైక్రోగ్రాములు. తిండి ద్వారా పిల్లలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో పెట్టుకున్న గీత పక్కన ఈ 40ని ఉంచి చూడండి.

ఇక మట్టి తనంతట తాను చేసే పని. ఇది ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం. కోళ్ల ఫారాలవాళ్లకు టాక్సిన్ బైండర్ అంటే తెలుసు. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ కోడి ఒంట్లోకి పోకుండా మేతలో కలిపే పొడుల్లో ఒకటి బెంటొనైట్ అనే బంకమట్టి. గడ్డిమందు పారాక్వాట్ తాగినవాళ్లకు ఆసుపత్రిలో తొలి గంటల్లో పట్టించే వాటిలో ఫుల్లర్స్ ఎర్త్ ఒకటి, అంటే మన ముల్తానీ మట్టి. బెంటొనైట్‌లో ప్రధానంగా ఉండేది మాంట్‌మొరిల్లొనైట్. నల్లరేగడిని నల్లరేగడిగా చేసే బంక కూడా ఆ కుటుంబానిదే. వానకు ఉబ్బి, వేసవిలో కాలు దూరేంత నెర్రెలు ఇచ్చేది దాని వల్లే. రేకుల్లాంటి దాని పొరలకు రుణావేశం ఉంటుంది, ధనావేశమున్న పారాక్వాట్‌ను అవి గట్టిగా పట్టేస్తాయి. అంటే మన నేల కొన్ని విషాలకు జైలు కూడా.

అన్నిటికీ కాదు. డీడీటీకి ఏ ఆవేశమూ లేదు. దాన్ని పట్టి ఉంచాల్సింది బంక కాదు, మట్టిలోని సేంద్రియ పదార్థం. రంగు నలుపే అయినా నల్లరేగడిలో సేంద్రియ పదార్థం తక్కువ. గడ్డిమందును గట్టిగా పట్టుకున్న నేలే డీడీటీ లాంటి పాత ఆర్గానోక్లోరిన్లను వదులుగా పట్టుకోవచ్చు. కాలం కొంత సాయం చేస్తుంది: దశాబ్దాల నాటి డీడీటీ రేణువు లోపలి సందుల్లోకి ఇంకిపోతుంది, కొత్తగా కలిపినంత సులువుగా వానపాములు కూడా దాన్ని తీసుకోలేవని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చూశారు. నిన్న పంపు కారి నేల మీద పడిన మందుకు ఆ వయసు లేదు.

సున్నం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన నల్లనేలల్లో సున్నపు గుళికలు ఉంటాయి, సున్నం ఆమ్లాన్ని విరిచేస్తుంది. గింజెత్తు మట్టిలోని సున్నం కడుపును మార్చలేదు. పిడికెడు మట్టి మార్చగలదు. చూలాలు బలపాలు, సుద్ద, వాన పడ్డ మట్టి తినడాన్ని మన ఊళ్లలో ఎవరూ వింతగా చూడరు. అలవాటుగా మట్టి తినేవాళ్లకు అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ వేసే లెక్క రోజుకు 50 గ్రాములు, అంటే నాలుగు వందల గింజల పైమాట. ఇనుము కోసమే ఒళ్లు మట్టి అడుగుతుందని పెద్దవాళ్లు అంటారు. పరీక్షనాళికల్లో జీర్ణరసాలతో చేసిన ప్రయోగాల్లో సున్నమున్న మట్టి ఇనుము ఇవ్వకపోగా, తిండిలోని ఇనుమును, జింకును కూడా పట్టి ఉంచింది. రక్తం తక్కువైతే మట్టి మీద కోరిక, మట్టి తింటే ఇనుము ఇంకా తక్కువ, ఇనుము తగ్గితే సీసానికి తలుపు ఇంకా బార్లా. ఈ చక్రంలో పడ్డ గర్భిణికి "మట్టి తినకు" అని చెప్పి పంపడం వైద్యం కాదు. ఐరన్ మాత్రలు అందడం, అవి మింగడం, హిమోగ్లోబిన్ మళ్లీ చూడటం వైద్యం.

ఒక మట్టిలోని విషం ఎంత అందుతుందో తేల్చడానికి మొదట్లో పందిపిల్లలను వాడారు, వాటి పేగు పసిపిల్లల పేగుకు దగ్గరని. ఖర్చూ కాలమూ ఎక్కువ. తర్వాత గాజుపాత్రలో కడుపును తయారుచేశారు. 150 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఒక గ్రాము మట్టి, వంద మిల్లీలీటర్ల ఆమ్ల గ్లైసీన్ ద్రావణం, 37 డిగ్రీల వేడి, ఒక గంట గిలకొట్టుడు. కరిగిన సీసం కొలిస్తే పంది చెప్పిన జవాబుకు దగ్గరగా వస్తుంది. అలాంటి కొలత ఏదీ చేయని చోట అమెరికాలో మట్టిలోని సీసం, ఆర్సెనిక్, నీటిలో కరిగిన రూపంలో అందేదానిలో 60 శాతం అందుతాయని పెట్టుకుంటారు. పురుగుమందులకు ఇది చాలదు, పైత్యరసం కలిపిన కృత్రిమ పేగు కూడా కావాలి. ఇది అందని పరిజ్ఞానమేమీ కాదు. గుంటూరులో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రయోగశాల ఉంది, లాంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఐరోపాకు పోయే మిర్చిలో అవశేషాలు కిలోకు మిల్లీగ్రాములో వందో వంతు దాకా చూస్తారు. అదే మిర్చి ఎండిన డాబా కింద, ముచ్చికలు తీసిన వసారాలో, ఊడ్చి చేటలోకి ఎత్తిన దుమ్మును కూడా ఒక కవరులో వేసి అదే యంత్రానికి ఇవ్వమనే నేను అడిగేది. నల్లరేగడికి అరువు తెచ్చుకున్న 60 శాతం వద్దు, దాని సొంత అంకె కావాలి.

ఆ ఇంటి నాయనమ్మకు ఇందులో కొంత చెప్పాను. పొడిగా ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ పడుతుందని, తడిగుడ్డతో తుడవమని, మందు కొట్టిన చొక్కా బోరు దగ్గరే విప్పించమని, పిల్లవాడి చేతులు తినేముందు సబ్బుతో కడగమని. ఆమె ఏదీ కాదనలేదు. మేకుకున్న పంపు వైపు చూసి, "అది రేపే కొట్టంలోకి మార్పిస్తాలే నాయనా" అంది. తర్వాత బోరేల మీద చెయ్యి వేసి అడిగింది: "దీన్నెక్కడ పెట్టమంటావు?"

మిర్చికి గుంటూరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. పత్తికి ధర వచ్చేదాకా ఆ ముందుగదే. పిల్లవాడు అప్పటికి బోరేల మీదే నిద్రపోయాడు, బొటనవేలు నోట్లో పెట్టుకుని.